విల్బరు రైటు చరిత్రము

విమానము పేరు వినగానే మనకు దాని యంత్రబలమే స్ఫురించును. కాని విల్బరు రైటు జీవితమును పరిశీలించినచో, గాలిలో ముందుగా సాధింపవలసినది తూకమని తెలియగలదు. కావున ఆయన చరిత్రమును మన విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయన 1867వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున జన్మించెను. తండ్రి మిల్టను రైటు క్రైస్తవ సంఘమున బిషపు. యౌవనమున మంచుమీది ఆటలో ముఖమునకు పెద్దగాయము తగులుటచే విల్బరునకు కళాశాల విద్య అబ్బలేదు. ఇంటనే యుండి, క్షయరోగపీడితురాలగు తల్లికి పరిచర్య చేయుచు, తండ్రి గ్రంథములను చదువుకొనెను. పిమ్మట తమ్ముడు ఆర్విలుతో గూడి డేటను పట్టణమున సైకిళ్ల దుకాణము పెట్టెను.

1896లో జర్మనుడగు ఒట్టో లిలియెంతాలు గాలిలో తూకము తప్పి పడి, మరునాడు మరణించెను. ఆయన తన దేహమును అటునిటు జరిపి తూకము నిలుపుకొనెడివాడు. అది చాలదని విల్బరు గ్రహించెను. 1899లో ఒక అట్టపెట్టెను చేత మెలిపెట్టుచుండగా, రెక్కల కొనలను అట్లే మెలిత్రిప్పవచ్చునను ఉపాయము తోచెను. 1902లో అన్నదమ్ములు వెనుక చుక్కానిని కదలునట్లు చేసి, రెక్కల మెలికతో జతపఱచిరి.

1903 డిసెంబరు 17వ తేదీన కిట్టీహాకు ఇసుకనేలపై నాలుగు పర్యాయములు ఎగిరిరి. కడపటిసారి విల్బరు 59 సెకనులలో 852 అడుగులు పోయెను. అయినను విమానము అలలవలె పైకి క్రిందికి ఊగుచుండెను. కారణ మేమన, ముందుభాగపు చుక్కానికి కీలు పలక నడుమకు మిక్కిలి చేరువగా నుండెను. తలుపునకు కీళ్లు అంచున నుండుటచే, గాలి కెదురుగా త్రోయువారికి బరువు తెలియును. నడుమ కీలుగల పలక చేతికి తేలిక. కాని కొంచెము త్రిప్పగనే గాలియే దానిని మఱింత త్రిప్పివేయును. ఆ చుక్కాని యట్లే హద్దుమీఱి ఇరుదిక్కులకు తిరుగుచుండెను. తుదకు విమానము నేల దాకగా దాని ఆధారపు చట్రము విఱిగెను.

వారు నిరాశ చెందలేదు. 1904లో ముందుభాగమున ఇనుపబరువు నుంచిరి. 1905లో చుక్కానిని పెద్దది చేసి మఱింత ముందునకు జరిపిరి. ఆ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన విల్బరు 39 నిమిషములలో 24 మైళ్లు ఎగిరెను. 1908లో ఫ్రాన్సు దేశీయులు ఆయన నైపుణ్యమును కన్నులార జూచిరి. 1912 మే 30వ తేదీన టైఫాయిడు జ్వరముచే 45వ యేట మృతినొందెను.

చేతికి తేలికయైనదెల్ల మేలైనది కాదు. తగుమాత్రపు ఎదురుబలము విమానమును నడపువానికి హద్దు తెలుపును. మన బాలబాలికలు పాఠములయందు కష్టము తోచినపుడు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురుగాక యని కోరుచున్నాము.