రామదండు నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల

బందరు రోడ్డు వెంట నిత్యం రాకపోకలు సాగించే మన విద్యార్థులకు బాపు మ్యూజియం కట్టడం కొత్తది కాదు. పూర్వం దానిని విక్టోరియా జూబిలీ మ్యూజియం అనేవారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశాలు జరిగిన చోటు అదే. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటిమంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించినది అక్కడనే. భట్లపెనుమర్రు వాస్తవ్యులు పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా సమర్పించినదీ ఆ సందర్భంలోనే. ఈ సంగతులు పాఠ్యపుస్తకాలలో ఉన్నవి గనుక మేము వాటిని పొడిగించబోము. పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటిపోయే మరొక సంగతి ఉన్నది. ఆ రెండు దినాలూ బెజవాడకు వచ్చిన జనం సుమారు 2 లక్షలని చెబుతారు. నేటి నగరంతో పోల్చితే అప్పటి బెజవాడ చిన్న పట్టణం. ఎండలు ముదిరే రోజులు. లౌడ్ స్పీకర్లు లేవు. మహాత్ముణ్ణి ఒక్కసారి కళ్లారా చూడాలని ఊళ్లకు ఊళ్లే కదలివచ్చిన ఆ జనాన్ని లాఠీ లేకుండా, తుపాకీ లేకుండా ఎవరు నిలిపారు?

నిలిపినది రామదండు. ఆ దండుకు నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. విజయవాడలోని ఆంధ్రరత్న భవనం పేరు తెలియనివారు అరుదు. ఆ ఆంధ్రరత్నం ఎవరని తరగతిలో మేము అడిగినప్పుడు మాత్రం చేతులు లేచినవి తక్కువ. అందుకే ఈ వ్యాసం.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. మునియేటి ఒడ్డున తిరుపతమ్మ తిరునాళ్లకు పేరుపొందిన ఆ గ్రామం 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. పుట్టిన మూడవనాడే తల్లి పోయింది. మూడవ ఏట తండ్రి పోయారు. తండ్రి బడిపంతులు, ఆయన వదలివెళ్లిన ఆస్తి చదువు మీది మక్కువ ఒక్కటే కావచ్చు. నాయనమ్మ, పినతండ్రి ఆ పిల్లవాణ్ణి పెంచారు. చదువు ముగిశాక బాపట్లలో కొంతకాలం గుమాస్తాగిరీ చేశారు గాని ఆ కాగితాల కట్టలలో ఆయన మనసు నిలవలేదు. మిత్రుడు నడింపల్లి నరసింహారావుగారి తోడ్పాటుతో సముద్రాలు దాటి, స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టం పొందారు.

ఆ విదేశవాస కాలంలోనే ప్రసిద్ధ కళావిమర్శకులు ఆనంద కుమారస్వామితో ఆయనకు స్నేహం కుదిరింది. నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఇరువురూ కలిసి ఇంగ్లీషులోనికి తెచ్చారు. ఆ గ్రంథం 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వెలువడింది. చేయి ఎట్లా కదలాలి, చూపు ఎటు నిలవాలి, అడుగు ఎక్కడ పడాలి అని చెప్పే శాస్త్రమది. అట్టి గ్రంథంతో కుస్తీపట్టిన పండితుడే కొన్నేళ్లకు వేయిమంది పల్లెటూరి యువకులను వరుసలో నిలిపి నడక నేర్పాడంటే, ఆ రెండు పనులకూ ఏదో చుట్టరికం ఉన్నదని మాకు తోస్తుంది. ఇది మా ఊహ మాత్రమే.

స్వదేశానికి వచ్చాక రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయులుగా ఉన్నారు. బందరు జాతీయ కళాశాలలోనూ పనిచేశారు. ఎక్కడా ఎక్కువకాలం ఇమడలేదు. ముక్కుసూటి మనిషి, పైగా హాస్యం కత్తి వంటిది. అటువంటివారిని కమిటీలు భరించడం కష్టమన్న మాట మన కళాశాల కమిటీవారు నవ్వుతూ ఒప్పుకొంటారనే మా నమ్మకం. చివరకు ఆయన చీరాల చేరి అక్కడ స్థిరపడ్డారు. కృష్ణా పశ్చిమ డెల్టా కొసన, సముద్రానికి దగ్గరగా, మగ్గాల చప్పుడుతో నిండిన ఊరది. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను నెలకొల్పి హరికథ, జంగం కథ, తోలుబొమ్మలాట వంటి జానపద కళలకు చేయూతనిచ్చారు. ఆ నేలలోనే రామదండు మొలిచింది.

దండులో సుమారు వేయిమంది స్వచ్ఛంద సేవకులు ఉండేవారు. కాషాయ వస్త్రాలు, మెడలో రుద్రాక్షలు. జీతం లేదు, ఆయుధం లేదు. కట్టుబాటు మాత్రం ఉన్నది. సభలలో, ఉత్సవాలలో జనానికి సేవ చేయడం, కలహం పుట్టకుండా చూడడం వారి పని.

ఈ పని ఎంత కష్టమో మాకు 2024 సెప్టెంబరులో కొంత తెలిసివచ్చింది. బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు కొందరు విద్యార్థులతో కలిసి మేమూ తాగునీళ్లు, అన్నం పొట్లాలు పంచబోయాము. మూటలు మోయడమే కష్టమని బయలుదేరేముందు అనుకున్నాము. మోయడం తేలిక; పంచడమే కష్టం. ఆకలిగొన్నవాడు ముందుకు వస్తాడు, వెనుకనున్న ముసలమ్మకు అందదు, ఒకరు కేక వేస్తే పదిమంది తోసుకొస్తారు. మొదటిరోజు మేము గొంతు చించుకొని అరిచాము. అరుపుతో తోపులాట పెరిగిందే గాని తగ్గలేదు. రెండవనాడు ఒక విద్యార్థి అరవకుండా ముందుగా ముసలివారిని కూర్చోబెట్టి, వారిచేతనే పొట్లాలు ఇప్పించాడు. తోపులాట ఆగింది. వందమంది దగ్గరే మా పాట్లు అట్లా ఉంటే, 2 లక్షలమంది నడుమ నిలిచిన ఆ వేయిమంది సంగతి ఆలోచించండి. అక్కడ ఒక్క సేవకుడు కోపం తెచ్చుకొని చేయి చేసుకొని ఉంటే చాలు. తొక్కిసలాటలో ప్రాణాలు పోయేవి, పోలీసులకు సాకు దొరికేది, అహింస అన్న మాట నవ్వులపాలయ్యేది. అది జరుగలేదు. జరుగకపోయిన దానిని చరిత్ర రాయదు గనుకనే రామదండుకు పుస్తకాలలో ఒక్క వాక్యమే దక్కింది.

ఇక్కడ మన విద్యార్థులలో కొందరికి ఒక ప్రశ్న పుట్టవచ్చు. రాముని పేరు, కాషాయం, రుద్రాక్షలు: ఇందులో మనకేమున్నది? ఆ ప్రశ్నను మేము దాటవేయదలచుకోలేదు. ఆ గుర్తులు ఒక మతానివే. ఆ మతానికి చెందనివాడికి ఆ వరుసలో చోటు ఉన్నదా అన్న సందేహం రావడం సహజమే. ఆయన అన్ని మతాలకూ పొందికైన మరొక పేరు పెట్టి ఉంటే బాగుండేదని మేమూ అనుకుంటాము. అయితే కాలాన్ని కూడా చూడాలి. ఖిలాఫత్ సమస్య సహాయ నిరాకరణకు తొలి కారణాలలో ఒకటిగా ఉన్న రోజులవి. 1920 ఆగస్టులో గాంధీజీ, మౌలానా షౌకత్ అలీ కలిసి బెజవాడకు వచ్చి ప్రసంగించారు. ఖిలాఫత్ వాలంటీర్లూ తమ మతభాషలోనే జనాన్ని పిలిచారు. పామర జనానికి తెలిసిన కథలలోనుంచి దుగ్గిరాలవారు పేరు తీసుకొన్నారు. వారధి కట్టిన దండు కథ అది. పేరు ఏదైనా, ఆ పేరుతో ఎవరిమీదకు చెయ్యి లేచింది, ఎవరికి చెయ్యి అందింది అన్నదే చూడవలసిన విషయం. ఆయన మరణించిన మరుసటి సంవత్సరం, 1929లో, వాయవ్య సరిహద్దున ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ నిరాయుధులైన పఠానులతో ఒక దళం కట్టారు. దానికి ఖుదాయీ ఖిద్మత్‌గార్, అనగా దైవసేవకులు అని పేరుపెట్టారు. వారికీ రంగు దుస్తులున్నవి, ప్రమాణమున్నది. 1930లో పెషావరు కిస్సాఖానీ బజారులో తుపాకులకు ఎదురునిలిచి కూడా వారు చేయి ఎత్తలేదు. రామదండును, ఖుదాయీ ఖిద్మత్‌గార్‌ను ఒకే పుటలో చదువవలెనని మా విన్నపం.

బెజవాడలో పరీక్ష నెగ్గిన దండుకు అసలు పరీక్ష చీరాలలో ఎదురయ్యింది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. రెండు ఊళ్లలో కలిపి జనం సుమారు 15,000. ఎక్కువమంది నేతగాళ్లు, చిన్న వ్యాపారులు, రైతులు. ఏటా 4,000 రూపాయలున్న పన్ను 40,000 వరకు పెరిగింది. దానికి తగిన సౌకర్యాలు రాలేదు. అర్జీలు పెట్టారు; ఫలించలేదు. పన్ను కట్టబోమన్నారు. కట్టనందుకు 12 మందిని జైలుకు పంపారు. వారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉన్నారు.

బెజవాడ సభలు ముగిసిన తరువాత ఏప్రిల్ తొలివారంలో గాంధీజీ చీరాల వెళ్లారు. ఆయన రెండు దారులు చూపారు. శాంతంగా పన్ను నిరాకరించి వచ్చిన కష్టమల్లా భరించడం ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండవది. కాంగ్రెసు నుంచి ధనసహాయం ఆశించవద్దని కూడా చెప్పారు. ఊరు విడిచిపోవడమంటే ఏమిటో మన విద్యార్థులకు వివరించనక్కరలేదు. క్రీస్తుశకం 622లో మక్కా నుంచి మదీనాకు జరిగిన హిజ్రత్‌తోనే మన సంవత్సరాల లెక్క మొదలవుతున్నది. చీరాల సంగతికి ఒక్క ఏడాది ముందు, 1920లో, వేలాది భారతీయ ముస్లిములు హిజ్రత్ పేరుతో అఫ్గనిస్తానానికి తరలి, తలదాచుకొనే చోటులేక నానా అగచాట్లు పడి తిరిగివచ్చారు. ఇల్లు విడిచిన వానికి అవతల అన్సారులు ఉండాలి. లేకుంటే ఆ త్యాగం ఎండకు ఆవిరైపోతుంది.

దుగ్గిరాలవారు రెండవ దారినే ఎంచుకొన్నారు. 15,000 మందిలో 13,000 మందికి పైగా ఇళ్లు విడిచి హద్దు అవతల పాకలు వేసుకొన్నారు. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు. నడివేసవి, పిదప వానలు, ఆ పిదప చలి. మగ్గం ఎత్తుకొనిపోవడం మంచం ఎత్తుకొనిపోవడం వంటిది కాదు. గుంట కావాలి, నీడ కావాలి, తడి తగలని నూలు కావాలి. అయినా సుమారు 11 నెలలు వారక్కడ ఉన్నారు. తగవులు వస్తే తమలో తామే పంచాయతీ పెట్టుకొని తీర్చుకొన్నారు. రామదండు కాపలా కాసింది, ఊడిగం చేసింది. ఇన్నివేలమంది ఇన్ని నెలలు కష్టంలో ఉండి కూడా ప్రతిహింసకు దిగలేదు. ఆ ఉద్యమంలో మాకు అన్నిటికంటె గొప్పగా కనిపించేది ఇదే.

అయితే డబ్బు కావలసివచ్చింది. నిధులు కూడగట్టడానికి ఆయన ఊరూరా తిరిగారు. అదే పనిమీద బరంపురంలో జరిగిన ఆంధ్ర మహాసభకు వెళ్లారు. అక్కడ ప్రసంగించరాదని అధికారులు ఉత్తరువు చేశారు. ఆయన దానిని లెక్కచేయలేదు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు.

నాయకుడు లేని రామనగరం కొన్ని నెలలు నిలిచింది. తరువాత ఒక్కొక్క కుటుంబమే వెనుకకు మళ్లింది. 1922లో జనం పాత ఇళ్లకు చేరారు, పన్నులూ కట్టారు. ఆయన జీవితకథ రాసేవారు చాలామంది ఈ ఘట్టాన్ని త్వరగా ముగిస్తారు. మేము అట్లా ముగించలేము. దండు ఆయన మాట మీద లేచింది, ఆయన పాట మీద నడిచింది, ఆయన లేనప్పుడు కూలబడింది. వేయిమందికి సేవ నేర్పిన మనిషి తన తరువాత దండును నడిపే నలుగురిని తయారుచేయలేకపోయారా, లేక ప్రభుత్వం అందుకు వ్యవధి ఇవ్వలేదా? ఊరు కదలిన అయిదారు నెలలకే ఆయన అరెస్టయ్యారని తలచినప్పుడు రెండవదే నిజమనిపిస్తుంది. గాంధీజీ ముందే హెచ్చరించిన ధనలోపాన్ని తలచినప్పుడు, అంతమందిని కదిలించే ముందు మరికొంత ఏర్పాటు ఉండవలసిందనీ అనిపిస్తుంది. ఆయన మీద గౌరవం ఉన్నవారే ఈ ప్రశ్న వేయాలి.

స్వచ్ఛంద సేవకుల సంస్థకు అఖిల భారత రూపం తరువాత వచ్చింది. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, డాక్టరు హార్డీకర్ నాయకత్వాన హిందూస్తానీ సేవాదళ్ ఏర్పడింది. టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ద్వారం దగ్గర నిలిపిన బాలిక దుర్గాబాయి కథ ఆ కాకినాడ సభలదే. రెండేళ్లకు పూర్వం బెజవాడలో రామదండు చూపిన కట్టుబాటు అప్పటికి తెలుగుదేశానికి అలవాటైపోయిందని అనుకోవచ్చు.

జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్యగారు స్వరాజ్య పక్షంలో చేరారు. సాధన అనే పత్రిక నడిపారు. ఆయన చమత్కారాలు తెలుగునాట ఇంటింటా చెప్పుకొన్నారు. ఇంటిలో మాత్రం లేమి తిష్ఠవేసింది. ఎడింబరో పట్టాతో పెద్ద ఉద్యోగంలో సుఖంగా ఉండవలసిన మనిషి, చేతికి వచ్చినదంతా దండుకూ గోష్ఠికీ ఖర్చుచేశారు. క్షయవ్యాధి సోకింది. తగిన వైద్యానికి డబ్బు లేదు. 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు నిండి ఎనిమిది దినాలు.