పక్క నుంచి ముఖం గీసిన మనిషి

ఈసారి గోడ పత్రికకి ఒక గొప్పవారి జీవితం రాయమని తెలుగు టీచర్ నాకు చెప్పారు. మనం అంతగా వినని ఒకాయన గురించి రాస్తున్నాను.

ఆయన పేరు సెయింట్ మెమిన్. 1770లో ఫ్రాన్సు దేశంలో దిజోన్ అనే ఊళ్ళో కలిగినవాళ్ళ ఇంట్లో పుట్టాడు. వయసులో రాజుగారి సైన్యంలో ఆఫీసరు. 1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. వాళ్ళ హోదా, ఆస్తి పోయాయి. 1793లో తండ్రితో కలిసి అమెరికా చేరాడు. అక్కడ బతకాలంటే పని కావాలి కదా. రాగి రేకు మీద బొమ్మ చెక్కడం సొంతంగా నేర్చుకున్నాడు. పెద్ద ఆఫీసరు అయిండి కూడా చేతిపనికి సిగ్గుపడలేదు. ఇది నాకు బాగా నచ్చింది.

ఆయన దగ్గర ఒక చెక్క యంత్రం ఉండేది. మనిషిని పక్కకి తిప్పి కూర్చోబెట్టేవాడు. యంత్రంలోంచి చూస్తూ నుదురు, ముక్కు, గడ్డం వెంబడి కడ్డీ జరిపితే, దానికి కట్టిన పెన్సిలు కాగితం మీద అదే గీత గీసేది. ముఖం ఎంత ఉంటే బొమ్మ అంత. తర్వాత కన్ను, చెవి, జుట్టు నల్ల సుద్దతో, తెల్ల సుద్దతో నింపేవాడు. ఇంకో యంత్రంతో ఆ బొమ్మని చిన్నది చేసి రాగి రేకు మీదికి ఎక్కించి చెక్కేవాడు. గుండ్రంగా, రెండంగుళాలు, అంటే బిస్కట్ అంత! రేకుకి సిరా పూసి కాగితం మీద అచ్చు వేసేవాడు. పెద్ద బొమ్మ, రేకు, 12 అచ్చులు కలిపి మగవాళ్ళకి 25 డాలర్లు, ఆడవాళ్ళకి 35 డాలర్లు. ఆడవాళ్ళకి ఎందుకు ఎక్కువో నాకైతే న్యాయం అనిపించలేదు.

ఊరూరా తిరిగి 800 మందికి పైగా బొమ్మలు చేశాడు. 1804లో ప్రెసిడెంటు జెఫర్సన్ బొమ్మ గీశాడు. అదే ఏడు ఒసేజ్ అనే ఆదివాసీల పెద్దలు జెఫర్సన్‌ని కలవడానికి వాషింగ్టన్ వచ్చారు. వాళ్ళ పెద్ద పయూస్కా. ఆయన ముఖం కూడా సెయింట్ మెమిన్ అలాగే పక్క నుంచి గీశాడు. నాలుగేళ్ళకి, 1808 ఒప్పందంలో ఒసేజ్ వాళ్ళ భూమి చాలావరకు ప్రభుత్వం తీసేసుకుంది. భూమి పోయింది గానీ పయూస్కా ముఖం ఈనాటికీ ఉంది. ఆ సంగతి చదివి నాకు బాధా వేసింది, సంతోషం కూడా వేసింది.

సెయింట్ మెమిన్ 1814లో ఫ్రాన్సుకి తిరిగి వెళ్ళిపోయాడు. 1817 నుంచి దిజోన్ మ్యూజియం చూసుకుంటూ 1852లో చనిపోయాడు.

మా తాతకి ఒక్క ఫోటో కూడా లేదు. పొయ్యి వెలుగులో గోడ మీద పడే ఆయన నీడ మాత్రం నాకు గుర్తుంది. అందుకే మొన్న సెలవుల్లో అవ్వని దీపం ముందు పక్కకి కూర్చోబెట్టి, నీడ వెంబడి గోడ మీద బొగ్గుతో గీశాను. ముక్కు కొంచెం పెద్దగా వచ్చింది. అవ్వ ఒకటే నవ్వు. పండక్కి అమ్మ గోడలన్నీ అలికింది, ఆ కాస్త చోటు మాత్రం వదిలేసింది.

మీరు కూడా ఈ సెలవులకి ఇంటికెళ్ళి మీ పెద్దవాళ్ళ బొమ్మ గీసి తీసుకురండి. ఇక్కడే అంటిద్దాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని