మార్లవాయిని బడిగా చేసుకున్న హైమన్‌డార్ఫ్

జైనూరు: మనుషుల గోత్రాలు, కట్టుబాట్లు, దేవతల కొలుపులు, నేలతో వారికి గల సంబంధం మొదలైనవాటిని శాస్త్రీయంగా పరిశీలించే విద్యకు సామాజిక మానవశాస్త్రం అని పేరు. ఉద్యోగానికి పనికిరాని చదువని పలువురు దీనిని పక్కన పెడుతుంటారు. కానీ ఈ చదువు వల్లనే పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో ఎందరో గోండులు భూమి పట్టాలు పొందారు. గోండు పిల్లలు సొంత భాషలో అక్షరాలు దిద్దారు. ఇందుకు కారకుడు ప్రొఫెసర్ క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. గిరిజనులకు ఆయన హైమన్‌డార్ఫ్ దొర.

పుస్తకాల నుంచి గూడేలకు

హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో ఒక ఉన్నత కుటుంబంలో జన్మించారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివారు. ఆనాడు అక్కడ ఈ చదువు నేరుగా డాక్టరేటుతోనే ముగిసేది. మధ్యలో బి.ఏ. పట్టా అంటూ ఉండేది కాదు. అస్సాం, వాయవ్య బర్మా కొండజాతుల సంఘ వ్యవస్థపై పరిశోధన వ్యాసం రాసి 1931లో ఆయన డాక్టరేటు పొందారు. విశేషమేమంటే అప్పటికి ఆయన ఆ కొండలను చూసి ఎరుగరు. గ్రంథాలయంలో కూర్చుని ఇతరులు రాసినవి చదివే ఆ వ్యాసం పూర్తి చేశారు.

ఆ లోటు లండన్‌లో ఆయనకు తెలిసివచ్చింది. 1935లో అక్కడికి వెళ్లి ప్రొఫెసర్ మాలినోవ్‌స్కీ తరగతులకు హాజరయ్యారు. పరిశోధకుడు ఆ జనం మధ్యనే కాపురముండి, వారి భాష నేర్చి, వారితో కలిసి తిరిగితేనే చదువు పూర్తవుతుందన్నది మాలినోవ్‌స్కీ బోధన. 1936లో హైమన్‌డార్ఫ్ భారతదేశానికి వచ్చి నాగా కొండలలో కొన్యాక్ నాగాల మధ్య ఏడాదికి పైగా గడిపారు. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను వివాహమాడారు. బెట్టిగా పేరొందిన ఈమె ఆ తరువాత ప్రతి పరిశోధనలోనూ భర్త వెంట ఉన్నారు.

యుద్ధం తెచ్చిన మలుపు

1939లో దంపతులు మళ్లీ భారతదేశం చేరేసరికి రెండో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. అప్పటికే ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోవడంతో హైమన్‌డార్ఫ్ చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. దానితో బ్రిటిషు ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయుడిగా పరిగణించి, హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటరాదని ఆంక్ష విధించింది. శిక్షగా వచ్చిన ఈ ఆంక్ష సంస్థానంలోని గిరిజనులకు మేలే చేసింది.

1940లో ఆయన నల్లమల అడవులలోని చెంచుల మధ్య నివసించారు. తరువాత గోదావరి తీరపు కొండరెడ్ల గూడేలకు వెళ్లారు. అదే 1940లో ఆదిలాబాద్ జిల్లా జోడేఘాట్‌లో భూమి కోసం, అడవి హక్కుల కోసం తిరగబడిన కొమురం భీం నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యారు. గోండులలో ఇంతటి అలజడికి కారణం ఏమిటో తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను కోరింది.

ఆయన మార్లవాయిలో గడ్డి కప్పిన ఇంట బెట్టితో కాపురం పెట్టారు. గోండీ నేర్చారు. పెర్సాపేన్ పూజలు, దండారీ ఆటలు దగ్గరుండి చూశారు. ప్రధానులు పాడే పురాణ కథలు రాసుకున్నారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారిగా గోండులు ఏ విధంగా విభజింపబడి, పెళ్లి సంబంధాలు కలుపుకుంటారో గ్రంథస్థం చేశారు. అంతటితో ఆగలేదు. జంగ్లాతు వారు రిజర్వు గీతలు గీసి సాగుభూములను ఎట్లా కలిపేసుకున్నారో, పట్వారీలు, సాహుకార్లు కలిసి పట్టా లేని గోండుల భూములను ఎట్లా కాజేశారో వివరంగా నివేదికలు సమర్పించారు. సంస్థానంలో రెవెన్యూ వ్యవహారాలు చూసిన గ్రిగ్సన్ దొర వాటికి అండగా నిలిచారు.

పట్టాలు, పాఠాలు

ఫలితంగా వేలాది ఎకరాలకు గోండుల పేర పట్టాలు జారీ అయినవి. మార్లవాయిలో 1943లో శిక్షణ కేంద్రం ఏర్పాటై గోండు యువకులను పంతుళ్లుగా తయారు చేసింది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చయినవి. 1945లో హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగానూ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ప్రొఫెసరుగానూ నియమితులయ్యారు. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు కూడా ఆ కాలంలోనే వచ్చినవి.

1949లో ఆయన లండన్ వెళ్లి ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరారు. అక్కడి మానవశాస్త్ర శాఖకు పాతికేళ్లు అధిపతిగా ఉండి ఎందరో విద్యార్థులను తయారు చేశారు. నేపాల్ షెర్పాలపై ఆయన రాసిన గ్రంథం ప్రసిద్ధి చెందింది. అయినా గోండులను మరువలేదు.

1976లో పదవీ విరమణ చేశాక మళ్లీ ఆదిలాబాద్ గూడేలన్నీ తిరిగారు. అక్కడ చూసింది ఆయనను కలచివేసింది. రోడ్లు పడిన వెంట బయటి నుంచి వలస వచ్చినవారు సారవంతమైన భూములలో పాతుకుపోయారు. తాను దగ్గరుండి ఇప్పించిన పట్టాలు సైతం చేతులు మారిపోయినవి. గిరిజనుల భూమి ఇతరులు కొనరాదన్న చట్టం 1963లో తెలంగాణకు వర్తించినా, 1970లో మరింత గట్టిపడినా, అమలు అంతంతమాత్రమే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యలపై సభకు తరలివచ్చిన గోండులు పోలీసు కాల్పులలో నేలకొరిగారు. తన శ్రమలో ఎంత భాగం వృథా అయిందో హైమన్‌డార్ఫ్ దాచుకోలేదు. భారతదేశపు గిరిజనుల మనుగడ పోరాటంపై 1982లో వెలువడిన గ్రంథంలో గ్రామాల వారీగా లెక్కతేల్చి రాశారు.

బెట్టి 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించగా మార్లవాయిలోనే ఆమె సమాధి కట్టారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో కన్నుమూశారు. ఆయన అస్థికలు కూడా తరువాత మార్లవాయికే చేరినవి. ఏటా జనవరి 11న గిరిజనులు ఆ సమాధుల వద్ద సంప్రదాయ రీతిలో నివాళులర్పిస్తారు.

ఆయన రాసిన పుస్తకాలు గోండుల పూర్వీకుల ఆచారాలకే గాక, వారి భూమి ఎట్లా పోయిందనడానికి కూడా సాక్ష్యాలుగా నిలిచినవి. మానవశాస్త్రం చదవదలచిన గిరిజన యువతకు ఆ సాక్ష్యాలను ముందుకు కొనసాగించే పని ఇంకా మిగిలే ఉంది.