పొకహాంటస్

మన గుంటూరు, ప్రకాశము సీమల రైతులకు వర్జీనియా పొగాకు చిరపరిచితము. ఆ పైరును ఆంగ్లేయులకు లాభసాటి గావించిన వాని యర్ధాంగి చరిత్రము మాత్రము మనలో పెక్కురకు తెలియదు.

ఉత్తర అమెరికా తూర్పు తీరమున సుమారు ముప్పది తెగలపై పెత్తనము నెరపిన పౌహతన్ అను రాజు కూతురామె. 1596 ప్రాంతమున జన్మించెను. అసలు పేర్లు అమోనుటె, మటోకా. పొకహాంటస్ అనునది అల్లరిపిల్ల యను నర్థము గల ముద్దుపేరు. లోకమున నదియే నిలిచినది.

1607లో ఆంగ్లేయులు నూరుమందికి పైగా వచ్చి జేమ్స్ నది యొడ్డున జేమ్స్‌టౌన్ కోటను కట్టుకొనిరి. వారిలో జాన్ స్మిత్ అనువానిని చంపబోవగా నీ బాలిక యడ్డుపడి కాపాడెనని కథ. 1608లో అచ్చయిన స్మిత్ మొదటి వృత్తాంతమున ఆ ప్రస్తావనయే లేదు. అది గ్రంథస్థమై 1624లో వెలువడునాటికి ఆమె గతించి యేడేండ్లు. పండితులు పలువురు సందేహింతురు. నాకును సందేహమే.

సందేహమునకు తావులేని సంగతి వేరు. 1613లో శామ్యూల్ ఆర్గాల్ అను నావికుడు ఒక స్థానిక నాయకునికి రాగికాగు నాశచూపి, అతనిచే ఆమెను ఓడలోనికి రప్పించి బంధించెను. పౌహతన్ తన యొద్దనున్న ఆంగ్ల ఖైదీలను, ఆయుధములను అప్పగించువరకు ఆమె కుదువసొమ్ము. చెరలో నుండగనే క్రైస్తవము పుచ్చుకొని రెబెకా యయ్యెను. 1614 ఏప్రిలులో పొగాకు సేద్యగాడగు జాన్ రాల్ఫ్‌ను పెండ్లాడెను. పోరు కొన్నియేండ్లు చల్లారెను. చెరలోని పడతి సమ్మతి యెంతటిదో యెవరు చెప్పగలరు?

ఆ పెండ్లి జరిగినదని చెప్పు చర్చి 1608 నాటిది. రాతికట్టడము కాదు, కొయ్యస్తంభములు పాతి మట్టిగోడలు పెట్టినది. కాలక్రమమున నేలమట్టమై, దాని తావే మరుగుపడెను. 2010లో త్రవ్వకములు జరుపువారికి లోతైన స్తంభపుగుంతల వరుసలు కానవచ్చెను. కొయ్య చివికిపోయినను గుంత పూడిన మన్ను చుట్టునేల కంటె వేరు రంగున నుండును. ఆ మచ్చలను పట్టి కొలువగా సుమారు 64 అడుగుల నిడివి, 24 అడుగుల వెడల్పు తేలెను. ఆనాటి కార్యదర్శి విలియం స్ట్రేచీ వ్రాసియుంచిన కొలతలకు అవి దాదాపు సరిపోయెను. గొలుసు పట్టి పొలము కొలిచినవారికి ఇందలి యానందము తెలియును.

1616లో భర్తతోను, పసిబిడ్డ థామస్‌తోను ఆమె లండను చేరి రాజాస్థానమున మర్యాద లందెను. తిరుగు ప్రయాణమున వ్యాధిగ్రస్తయై 1617 మార్చిలో గ్రేవ్సెండు రేవున కన్నుమూసెను. వయస్సు ఇరువదియొక్క యేండ్ల లోపో, ఆ పైనో. మరునాటి యేడు తండ్రి గతించెను. 1622లో పోరు మరల రగిలి ఒక్కదినముననే సుమారు 347 మంది ఆంగ్లేయులు మడిసిరి.

గ్రేవ్సెండు చర్చి ఖననపుస్తకమున గుమాస్తా ఆమె భర్త పేరు జాన్‌కు మారుగా థామస్ అని వ్రాసెను. దస్తరము వ్రాయువారికి తగని పని. 1727లో ఆ చర్చియు కాలిపోయెను. మరల కట్టిన చర్చి యావరణమున 1958లో ఆమె కంచువిగ్రహము నిలిపిరి గాని, సమాధి యున్న చోటు నేటికిని తెలియరాలేదు.