విలియం రాక్స్‌బర్గ్

నంద్యాల నుండి గిద్దలూరునకు పోవు దారికి ఇరువైపులను, ఆళ్ళగడ్డకు చేరువనున్న అహోబిలపు కొండలయందును నల్లమల అడవి వ్యాపించియున్నది. సోమిద, నారయేపి, అందుగు మున్నగు చెట్లు అచ్చట పెరుగును. ఆ ప్రాంతపు పల్లెవారు వానిని తరతరములుగ ఎరుగుదురు. అట్టి చెట్లను లోకమందలి పండితులకు ఎరుకపరచినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఇతడు స్కాట్లండు దేశీయుడు, వృత్తిచే వైద్యుడు.

రాక్స్‌బర్గ్ 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున మద్రాసు చేరెను. 1781లో గోదావరి సీమయందలి సామర్లకోటకు వచ్చి, అచ్చట మిరియపు తోట వేయించెను. కాని అతని మనస్సు అడవి మొక్కలపైననే లగ్నమైయుండెను. లిన్నేయసు పండితుని శిష్యుడగు కోనిగ్ అతనికి ఆప్తమిత్రుడు. ఆ మిత్రుడు 1785లో కాకినాడ యొద్ద జగన్నాథపురమున మరణించెను. రెండేండ్లకు అంతకంటె పెద్ద విపత్తు వచ్చెను. 1787లో తీరమును ముంచిన ఉప్పెనలో రాక్స్‌బర్గ్ గ్రంథములును, ఎండబెట్టి దాచిన మొక్కలును కొట్టుకొనిపోయెను. ఏండ్ల తరబడి చేసిన శ్రమ నీటిపాలయ్యెను. మరియొకడైనచో ఆ పని విడిచియుండును. అతడు మరల మొదటినుండి సేకరింప నారంభించెను.

చెట్టును గుర్తించుటకు ఆకొక్కటి చాలదు. పువ్వు, కాయ, గింజ అన్నియు చూడవలెను. సోమిద కాయ కఱ్ఱవలె గట్టిది. పండినపుడు అయిదు చెక్కలుగ విచ్చును. లోపలి గింజలకు పలుచని రెక్కలుండును. నారయేపి ఆకున రెండే రేకులు, జంటగ నుండును. ఇట్టి గుర్తులను రాక్స్‌బర్గ్ దేశీయ చిత్రకారులచే రంగులతో గీయించెను. శాస్త్రనామముతోపాటు తెలుగు పేరును అడిగి వ్రాసికొనుట అతని అలవాటు. ఆ బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన గ్రంథము 1795 మొదలు లండనులో వెలువడెను. అందు మున్నూరు పటములు కలవు. గీసినవారి పేర్లు మాత్రము ముఖపత్రమున కెక్కలేదు; ఇది విచారింపదగిన విషయము.

ఆ కాలమున జ్వరమునకు మందైన సింకోనా పట్ట దక్షిణ అమెరికానుండి రావలసియుండెను. చేదుగనుండు సోమిద పట్ట దానికి బదులుగ పనిచేయునేమోయని రాక్స్‌బర్గ్ పరీక్షలు చేసి, ఆ చెట్టునకు జ్వరమును పోగొట్టునదను అర్థముగల పేరు పెట్టెను. సింకోనాను తొలగింపజాలకున్నను సోమిద పేరు నిలిచెను. 1830లో ఫ్రెంచి పండితుడొకడు ఆ చెట్టునకు ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచి, తెలుగుమాటనే దానికి పేరుగ నుంచెను.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియయ్యెను. ఇరువది యేండ్లు అచ్చట పనిచేసి, ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలి, 1815లో ఎడింబరోలో మరణించెను. భారతదేశపు మొక్కలపై అతడు వ్రాసిన మహాగ్రంథమును విలియం కేరీ 1832లో శ్రీరాంపురమున పూర్తిగ అచ్చువేయించెను.