పేర్లు తర్వాత, ముందు చూడనివ్వండి



సముద్రం గురించి పుస్తకాలు రాసి లక్షల మందితో చదివించిన రేచెల్ కార్సన్ సముద్రానికి చాలా దూరంలో పుట్టారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ ఆమె ఊరు. పుట్టింది 1907 మే 27న. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. కానీ తల్లి మరియా కూతురిని చెట్ల మధ్యకు తీసుకెళ్లి పక్షులనూ పురుగులనూ చూపించేవారు. పదకొండేళ్లకే రేచెల్ రాసిన కథ పిల్లల పత్రికలో అచ్చయింది.

రచయిత్రి కావాలని ఇంగ్లిష్ చదవడానికి కాలేజీలో చేరి, మధ్యలో బయాలజీకి మారారు. 1929 వేసవిలో వుడ్స్ హోల్ పరిశోధనశాలకు వెళ్లినప్పుడే ఆమె సముద్రాన్ని మొదటిసారి చూశారు. 1932లో జువాలజీలో మాస్టర్స్ పూర్తి చేశారు. 1935లో తండ్రి పోవడంతో ఇంటి బాధ్యత ఆమె మీద పడింది. మరుసటి ఏడాది ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగంలో చేరారు. పగలు ఆఫీసు, రాత్రి రాత.

1941లో మొదటి పుస్తకం వచ్చింది. కెరటం వెనక్కి పోగానే తడి ఇసుక మీద పరుగెత్తి పురుగులు ఏరుకునే శాండర్లింగ్ అనే చిన్న పిట్ట అందులో ఒక పాత్ర. అప్పుడే అమెరికా యుద్ధంలోకి దిగడంతో పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు. పదేళ్ల తర్వాత, 1951లో వచ్చిన ‘ద సీ అరౌండ్ అస్’ ఆమెను ప్రపంచానికి పరిచయం చేసింది. ఆ డబ్బు చేతికి రాగానే ఉద్యోగం మానేసి, మెయిన్ రాష్ట్రంలోని సౌత్‌పోర్ట్ దీవిలో స్థలం కొని, 1953లో నీటి ఒడ్డున చిన్న ఇల్లు కట్టించుకున్నారు.

ఇంటి ముందు రాళ్లు, వెనుక అడవి. రోజుకు రెండుసార్లు నీరు వెనక్కి తగ్గితే, రాళ్ల గుంటల్లో నత్తలు, పీతలు, నక్షత్ర చేపలు బయటపడేవి. ఆమె వాటిని మైక్రోస్కోప్ కింద చూసి, ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడికే తిరిగి చేర్చేవారు.

అక్క కూతురి కొడుకు రోజర్ కూడా ఆ ఇంటికి వచ్చేవాడు. వాడికి ఇంకా రెండేళ్లు నిండకముందే, ఒక తుఫాను రాత్రి దుప్పటిలో చుట్టి సముద్రపు ఒడ్డుకు ఎత్తుకెళ్లి కెరటాల హోరు వినిపించారు. మరో రాత్రి టార్చి వెలుగులో పీతల కోసం వెతికారు. ఇంత చదువుకున్న సైంటిస్ట్, వాడికి పాఠం చెప్పలేదు. స్నేహితుడికి చూపించినట్టు చూపించారు. పేర్లు వాడికి వాటంతట అవే వచ్చాయి. ఈ అనుభవాలను 1956లో ఒక పత్రికలో వ్యాసంగా రాశారు. పిల్లలకు సమాచారం కంటే ముందు ఆశ్చర్యం కావాలనీ, దాన్ని పంచుకునే పెద్దవాళ్లు ఒక్కరైనా పక్కన ఉండాలనీ దాని సారాంశం.

1957లో రోజర్ తల్లి చనిపోయింది. ఐదేళ్ల ఆ పిల్లవాడిని రేచెల్ దత్తత తీసుకున్నారు. అప్పటికి ఆమె వయసు దాదాపు యాభై. పెళ్లి చేసుకోలేదు. ముసలి తల్లి బాధ్యత కూడా ఆమెదే. ఆ తర్వాతే ‘సైలెంట్ స్ప్రింగ్’ పని మొదలైంది. మధ్యలో రొమ్ము క్యాన్సర్ బయటపడినా ఆపలేదు. డీడీటీ లాంటి మందులు పక్షులకు చేస్తున్న హాని గురించి 1962లో ఆ పుస్తకం చెప్పింది. పురుగుమందుల కంపెనీలు ఆమెపై విరుచుకుపడ్డాయి.

1963 సెప్టెంబర్‌లో ఒక ఉదయం స్నేహితురాలితో సముద్రం ఒడ్డున కూర్చుని, దక్షిణానికి వలస పోతున్న మోనార్క్ సీతాకోకచిలుకలను చూశారు. అవి తిరిగి రావని ఆమెకు తెలుసు. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. రోజర్‌కు అప్పుడు పన్నెండేళ్లు. 1972లో అమెరికా డీడీటీ వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. పెంచి పుస్తకంగా రాయాలనుకున్న ఆ వ్యాసం మాత్రం ఆమె చేతుల మీదుగా పూర్తికాలేదు. 1965లో ఉన్నది ఉన్నట్టుగానే పుస్తకమై వచ్చింది.

శాండర్లింగ్‌లు చలికాలంలో మన కోస్తా తీరానికి కూడా వస్తాయి. ఈ సెలవుల్లో బీచ్‌కు వెళ్తే, ఫోన్ జేబులో పెట్టి పది నిమిషాలు పిల్లలతో కలిసి వాటిని చూడండి. సముద్రం దూరమైతే మీ ఊరి చెరువు గట్టు చాలు. మీ పాప పిట్ట పేరు అడిగి, మీకు తెలియకపోతే, తెలియదనే చెప్పండి. ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి వెతకండి.