గిరి చూపిన గుమ్మం

సూరత్‌లోని బమ్రోలి మరమగ్గాల షెడ్లలో పనిచేసేవారిలో గంజాం జిల్లావారు, తెలంగాణ నేతపనివారు అనేకులు. యంత్రంలో చేయి నలిగి పని పోగొట్టుకున్న కార్మికుడు ఎవరిని ఆశ్రయించాలి? ఈ ప్రశ్న తలెత్తినప్పుడెల్లా, ఆ గంజాం గడ్డ మీదనే బరంపురంలో 1894లో జన్మించిన వరాహగిరి వెంకటగిరి స్మృతికి వస్తారు.

డబ్లిన్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి, 1916లో స్వదేశానికి మరలి న్యాయవాద వృత్తి చేపట్టిన గిరి, సహాయ నిరాకరణోద్యమంలో దానిని విడనాడారు. పిదప బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. స్వయంగా న్యాయశాస్త్రం చదివినప్పటికీ, వివాదాలను నిర్బంధ న్యాయనిర్ణయానికి వదలరాదనీ, యాజమాన్యమూ కార్మిక సంఘమూ ముఖాముఖి తేల్చుకోవాలనీ ఆయన సిద్ధాంతం. అయితే, వెలువడిన తీర్పును గౌరవించవలసిందేనన్న పట్టుదల కూడా ఆయనదే. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం సవరించగా, 1954లో మంత్రి పదవిని త్యజించారు. 1969లో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించి, 1980లో కన్నుమూశారు. ఢిల్లీ పొరుగున నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరనే ఉన్నది.

ఉద్యోగంలో ఉండగా అంగవైకల్యం పొందినవారిని తొలగించరాదన్న 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టపు నిబంధన ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. ప్రైవేటు మగ్గాల షెడ్డుకు ఆ కట్టడి లేదు. అక్కడి కార్మికునికి దక్కేది, దక్కితే, నష్టపరిహారమే. దానిని రాబట్టడానికి న్యాయవాది చాలవచ్చు. తిరిగి పనిలో చేర్పించడానికి మాత్రం సంఘం కావాలి. నల్లకోటు విడిచిన గిరి, కోర్టు గుమ్మం కాక సంఘం గుమ్మం ఎక్కడంలోని అంతరార్థం ఇదే.